ఆఖరి చెవి

పోయినవారం మనం పెద్దమ్మను మూడో అంతస్తు మెట్ల మధ్యలో వదిలేశాం. ఊపిరి తీసుకోవడానికి ఆగిన మనిషి తలెత్తి చూసేసరికి, వినే గది గుమ్మంలో చెల్లెలి కూతురు నిలబడి ఉంది. ఆ పిల్ల చేతిలో చింపిన కవరు. కవరు మీద చెవుల డాక్టరు ముద్ర.

ఖరీదైన హెడ్‌ఫోన్లు చేత్తో తయారుచేసే ఆ వర్క్‌షాపులో అందరికీ ఆమె పెద్దమ్మే. నిజంగా పెద్దమ్మ అయింది మాత్రం ఆ ఒక్క పిల్లకే. పిల్లకి అయిదేళ్లప్పుడు దాని తల్లి ఒక మధ్యాహ్నం, ఇదే అంతస్తులో, హెడ్‌ఫోన్లకి చెవుల మీద ఆనే దిండ్లు కుట్టే మిషను దగ్గర నుంచి లేచి వెళ్లి మళ్లీ రాలేదు. నెల తర్వాత ఎక్కడినుంచో ఒక ఉత్తరం వచ్చింది. "నేను బాగానే ఉన్నాను. పిల్ల జాగ్రత్త." అంతే. ఇరవై రెండేళ్లయింది. అప్పటి యజమాని పెద్దయ్యగారు ఆ రోజు తాను ఊళ్లోనే లేనని చెప్పి, పాపం తానే మనుషుల్ని పంపి నాలుగు ఊళ్లు వెతికించారు. పెద్దయ్యగారు పోయి పదేళ్లయినా పెద్దమ్మ ఆ మేలు మరచిపోలేదు.

ఆయన పోతూ పోతూ ఆమెకు ఇచ్చి వెళ్లిన ఉద్యోగం పేరే "ఆఖరి చెవి". తయారైన ప్రతి జతనూ ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వినాలి. వెనకవైపు మూత తెరిచి, శబ్దాన్ని మెత్తబరిచే ఫెల్టు బిళ్ల ఒకటి తీసో, ఒకటి పెట్టో, మళ్లీ వినాలి. ఆమె "ఇక పో" అంటేనే ఆ జత పెట్టెలోకి పోతుంది.

ఈ రోజు పదకొండు గంటలకి ఆ కుర్చీ ఉంటుందో పోతుందో తేలిపోతుంది. కొత్త మోడలుకి రెండు నమూనాలు తయారయ్యాయి. ఒకటి పెద్దమ్మ తన చెవితో సరిచేసింది. ఇంకొకటి చెల్లెలి కూతురు కొలతలతో చేసింది, వేలమంది ఇష్టాలు సేకరించి సగటు తీసిన గ్రాఫు గీత ప్రకారం. బయటి మనుషులు ఆరుగురు వచ్చి రెండూ వింటారు. పెద్దమ్మది ఓడిపోతే ఇకమీదట జతలన్నీ గీత చూసే పెట్టెలోకి పోతాయి.

"ఆఫీసు ఉత్తరాలతో కలిసి వచ్చింది. పేరు చూసుకోకుండా చింపాను," అంది పిల్ల.

"చింపాక చూసుకున్నావుగా."

"లోపలికి రా పెద్దమ్మా. మెట్ల మీద మాట్లాడుకునే విషయం కాదు."

పెద్దమ్మ లోపలికి వచ్చింది. తొందరపడలేదు. గొడుగు కొక్కేనికి తగిలించింది, చెప్పులు గోడవారగా విడిచింది, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. 

వినే గది గోడలన్నిటికీ మందపాటి గుడ్డ. మధ్యలో బల్ల. బల్ల మీద అల్లుడుగారు. అంటే మనిషి కాదు లెండి. కొలతల కోసం తెప్పించిన బొమ్మ తల. బట్టతల, రబ్బరు చెవులు, ఆ చెవుల లోపల మైకులు. కూర్చున్నచోటు నుంచి కదలడు, పనిలో చెయ్యి పెట్టడు, రోజూ దుమ్ము తుడిచి మర్యాద చెయ్యాలి కాబట్టి దిండ్లు కుట్టేవాళ్లు ఆ పేరు పెట్టారు.

"ఎడమ చెవిలో సన్నని శబ్దాలు దాదాపు లేవట," అంది పిల్ల, కాగితం చూడకుండానే. అప్పటికే అది దానికి కంఠతా వచ్చేసినట్టుంది. "కుడి చెవిలో సగం పోయాయట. ఒక్కరోజులో పోయినవి కావు, పదేళ్లుగా కొద్దికొద్దిగా పోతూ వచ్చాయని రాశాడు. పదేళ్లు పెద్దమ్మా! నువ్వు ఈ కుర్చీలో కూర్చున్న పదేళ్లూ."

"లెక్క నాకూ వచ్చులే."

"నీ పాత మోడళ్లన్నీ అల్లుడుగారికి పెట్టి కొలిచాను. ఏటికేడు సన్నని శబ్దాలు పెరుగుతూ వచ్చాయి. నీకు వినబడని దాన్ని నువ్వు పెంచుకుంటూ పోయావు. కొన్నవాళ్లు అది నీ అభిరుచి అన్నారు. పత్రికల వాళ్లు ఈ వర్క్‌షాపు సంతకం అన్నారు. అది అభిరుచి కాదు పెద్దమ్మా. చెవుడు."

గుడ్డ గోడల గదిలో ఏ మాటకీ ప్రతిధ్వని ఉండదు. అన్న మాట అన్నచోటే పడి ఉంటుంది.

 పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"అయితే అభిరుచి ఎక్కడ ఉంటుందే? నీ గీతలోనా?"

"నేను అన్నది అది కాదు..."

"అదే అన్నావు. నా చెవి పాడైంది కాబట్టి నా ఇష్టం ఇష్టమే కాదన్నావు. మరి బాగున్న చెవి ఎవరిది? చెప్పు, చూసివస్తాను. రోజంతా బస్సు నడిపేవాడి చెవి ఒకలా అరుగుతుంది. మిషను మీద కూర్చునేదాని చెవి ఇంకోలా అరుగుతుంది. ఉన్న చెవితోనే కదా ఎవరైనా వినేది? ఆ సగటు మనిషిని నేను ఇంతవరకూ కలవలేదమ్మా. నీకు పరిచయముంటే ఒకసారి ఇంటికి తీసుకురా, కాఫీ ఇస్తాను."

పిల్లకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "నవ్వించకు. నేను చెప్పేది విను. చిన్నయ్యగారికి ఇంకా తెలియదు. ఆయనకి తెలియకముందే నీ నమూనా నువ్వే వెనక్కి తీసుకో. ఓపిక లేదని చెప్పు. నిన్నెవరూ ఒక్క మాట అనరు, గౌరవంగా పంపిస్తారు."

పంపిస్తారు. ఆ మాట దగ్గరే పెద్దమ్మకి ఒళ్లు మండింది. పిల్ల తనను కాపాడాలనే అంటోందని తెలుసు. అది ఇంకా మండించింది.

"నేను ఎవరినీ పంపలేదు, ఎవరు పంపినా పోను. నా నమూనా ఆ బల్ల మీదే ఉంటుంది. నీ కాగితం కూడా ఇలా ఇవ్వు."

"ఏం చేస్తావు?"

"అది నా చెవుల గురించి రాసిన ఉత్తరం. నా ఇష్టం."

అప్పుడే పిల్ల తలుపు వైపు తిరిగింది. పెద్దమ్మకి ఏ అలికిడీ తెలియలేదు, తిరిగి చూసేసరికి చిన్నయ్యగారు గుమ్మంలో ఉన్నారు. పెద్దయ్యగారి కొడుకు. ఈమధ్య ఆయన రాక ఎప్పుడూ ఇలాగే ఉలిక్కిపడేలా చేస్తోంది. తండ్రి తాళాల గుత్తికి శనగగింజంత ఇత్తడి గంట ఉండేది, ఆ చప్పుడు వినబడగానే మూడంతస్తుల్లోనూ నడుములు నిటారుగా అయ్యేవి. కొడుకు అదే గుత్తిని వేలికి తగిలించుకుని తిరుగుతాడు కానీ గంట తీసేసినట్టున్నాడు అనుకుంది పెద్దమ్మ, చాలాసార్లు అనుకున్నట్టే.

"వినేవాళ్లు వచ్చేశారు పెద్దమ్మా. మొదలుపెడదామా?"

ఆరుగురూ లోపలికి వచ్చారు. ఒక దర్జీ, ఒక బస్సు డ్రైవరు, ఒక లెక్కల పంతులమ్మ, మందుల షాపాయన, కోర్టులో టైపు చేసే ఆవిడ, నర్సు చదువుకుంటున్న అమ్మాయి. వాళ్లు కుర్చీల్లో సర్దుకునేలోగానే పెద్దమ్మ లేచి నిలబడింది.

"మొదలుపెట్టే ముందు ఒక మాట. నా చెవులకి సన్నని శబ్దాలు సరిగ్గా వినబడవని డాక్టరు రాశాడు. ఇదిగో కాగితం, చూడాలనుకుంటే చూడండి. వీటిలో ఒక జత నేను చేసింది. ఏదో చెప్పను. దయతలచి ఎవరూ నాకు ఓటు వెయ్యొద్దు. చెవులు పోయాయని వెయ్యకుండానూ ఉండొద్దు. మీకు ఏది నచ్చితే అది రాయండి."

చిన్నయ్యగారి ముఖం పాలిపోయింది. "పెద్దమ్మా, ఇలాంటిది ఉంటే మరి ఈ పోటీ..."

"పోటీకి వచ్చినవి వాళ్ల చెవులు చిన్నయ్యగారూ, నావి కాదు."

బస్సు డ్రైవరు గట్టిగా నవ్వాడు. "నాకూ హారన్ తప్ప ఏదీ సరిగ్గా వినబడదు తల్లీ. మరి నేను ఉండనా, పోనా?"

"మీరు తప్పకుండా ఉండాలి," అంది పెద్దమ్మ.

ఆ వర్క్‌షాపులో వినడానికి ఒక పద్ధతుంది. చీటీ మీద రాసేవరకూ ఎవరూ నోరు విప్పకూడదు, తల ఊపకూడదు. మొదట పంతులమ్మ వంతు. పిల్ల చేసిన జతను ఆవిడ పెట్టుకోగానే పెద్దమ్మ కళ్లు అటే నిలిచిపోయాయి. ఆవిడ కళ్లజోడు కాడ దగ్గర దిండు లేచి సందు పడింది. అంత సందు చాలు, లోతైన శబ్దాలన్నీ కారిపోతాయి. పెద్దమ్మ తన దిండ్లకి ఆ కాడ కూర్చునేచోట ఏనాటినుంచో చిన్న గాడి కుట్టిస్తుంది. పిల్లకి అది తట్టలేదు, ఎందుకంటే దాని కొలతలన్నీ అల్లుడుగారి మీద తీసినవి.

ఆరుగురిలో నలుగురికి కళ్లజోళ్లున్నాయి. పెద్దమ్మ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కుర్చీ ఆమెదే.

"ఆపండి," అందామె. "ఏమే, అల్లుడుగారికి కళ్లజోడు లేదు కదే!"

పిల్లకి ఒక్క క్షణంలో అర్థమైంది. ముఖం ఎర్రబడింది. పెద్దమ్మ సొరుగులోంచి గాడి ఉన్న దిండ్లు తీసి దాని ముందుకు విసిరింది.

"ఇవి వేసుకో. దిండ్ల మీద గెలిచాను అనిపించుకోను."

దిండ్లు మార్చి, రెండు జతల శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా పిల్ల మళ్లీ కొలిచి పెట్టింది. ఒకటి వెంట్రుకవాసి గట్టిగా ఉన్నా, అదే బాగుందనిపిస్తుంది మనుషులకి. అందుకని ఆ కొలత. ఏది ఎవరిదో తెలియకుండా రెండిటినీ తారుమారు చేశాక, మళ్లీ మొదటినుంచి విన్నారు.

చీటీలు విప్పితే చెరి మూడు.

అప్పుడు నోళ్లు తెరుచుకున్నాయి. "ఈ రెండోది కిటికీ తెరిచినట్టుందండీ," అన్నాడు దర్జీ. "కిటికీయా? నాకు పళ్లు జివ్వుమన్నాయి," అంది టైపు చేసే ఆవిడ. "మీకు జివ్వుమన్నదే నాకు హాయిగా ఉంది," అన్నాడు డ్రైవరు. ఇద్దరూ నిజంగానే పోట్లాటకి దిగారు. రెండోది పెద్దమ్మది.

"చూశావా, నీ సగటు మనుషులు," అంది పెద్దమ్మ మెల్లిగా.

సమానం వస్తే ఏం చెయ్యాలో పెద్దయ్యగారు ఏనాడో ఒక కట్టుబాటు పెట్టి వెళ్లారు. చేసిన ఇద్దరూ ఒంటరిగా కూర్చుని, ఒకరి జతను ఇంకొకరు, ఆ జత చేసినవాళ్ల సొంత చప్పుడుతోనే వినాలి. విని నిజం రాయాలి. సొంత చప్పుడంటే, పనివాళ్లలో ప్రతి ఒక్కరూ జతను సరిచేసేటప్పుడు పెట్టుకు వినే, తమకి బాగా తెలిసిన ఒక రికార్డు. ఎవరిది ఏమిటో ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు.

చిన్నయ్యగారు ఆరుగురినీ తీసుకుని ముందు గదిలోకి వెళ్లిపోయారు.

మొదట పెద్దమ్మ విన్నది. పిల్ల జత తలకి పెట్టుకుని కళ్లు మూసుకుంది. పాట వస్తుందనుకుంది. రాలేదు. మెట్లమీద చెప్పుల చప్పుడు. ఒక్కో అంతస్తుకీ ఆగి ఆయాసం తీర్చుకునే అడుగులు. గొళ్లెం తీసిన శబ్దం. ఆ వెంటనే తన గొంతే, పదేళ్ల కిందటిది. "ఏమే, తిన్నావా?"

 ఒక మనిషి తిరిగి వచ్చే చప్పుడు. లోకంలో ఇన్ని శబ్దాలుండగా ఈ పిల్ల దాచుకున్నది అది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని చీటీ మీద రాసి బోర్లించింది. పిల్ల ఆగలేక తిప్పి చూసింది.

"చక్కగా ఉంది. నేను కొనుక్కోను."

"ఇంత విన్నాకా ఇదా?" అంది పిల్ల, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

"నీ చప్పుడు నాకు నచ్చింది. నీ జత నచ్చలేదు. రెండూ ఒకటి కాదు." పెద్దమ్మ సొరుగు అడుగు నుంచి ఒక క్యాసెట్ తీసింది. అట్ట మీద తేదీ, పక్కన మరేమీ లేదు.  "ఇది నాది. ఆ రోజు ఇక్కడ కొత్త మైకు పరీక్ష చేస్తున్నాను. జిగురు అయిపోతే రికార్డరు ఆపకుండా కిందికి వెళ్లాను. నేను వచ్చేసరికి మీ అమ్మ లేదు. పన్నెండేళ్లు దీన్ని ముట్టుకోవడానికే నాకు ధైర్యం చాలలేదు. ఈ కుర్చీలోకి వచ్చాకే వినడం మొదలుపెట్టాను."

పిల్ల ముఖంలో రంగు పోయింది. "అమ్మ గొంతు ఉందా? ఇన్నాళ్లూ ఉందా నీ దగ్గర?"

"ఉంది. నీకు వినిపిస్తే నువ్వూ వెతుక్కుంటూ పోతావేమోనని భయపడ్డాను. తిట్టాలంటే తర్వాత తిట్టు. ఏటికేడు దాని గొంతు మసకబారుతూ వచ్చింది. టేపు అరిగిపోతోందనుకున్నాను. అందుకే ఒక్కో ఫెల్టు బిళ్లా తీసుకుంటూ వచ్చాను, అది మాట్లాడితే మళ్లీ దగ్గరగా వినబడాలని. అరిగింది టేపు కాదట. పొద్దున నువ్వు చెప్పావు. అయినా తీసినందుకు నాకు సిగ్గేమీ లేదు."

పిల్ల మారు మాట్లాడకుండా పెద్దమ్మ జత తలకి పెట్టుకుంది. టేపు తిరిగింది.

కుట్టుమిషను పరుగు. మధ్యమధ్యలో కూనిరాగం. "అక్కా, దారం అయిపోవచ్చింది." జవాబు లేదు. మళ్లీ మిషను. ఏ క్షణంలో ఏముందో పెద్దమ్మకి నోటికి వచ్చు, పిల్ల ముఖం చూస్తూ వరస చెప్పగలదు. ఇప్పుడు మిషను నెమ్మదిస్తుంది. ఇప్పుడు, "ఇదిగో, అయిపోయింది." అది కుట్టు అయిపోయిందని తనలో తాను అనుకున్న మాట. అక్కడితో మిషను ఆగిపోతుంది, టేపూ అయిపోతుంది.

పిల్ల కళ్లు తెరిచింది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. ఆ తర్వాత తన జత అందుకుని అదే ముక్క విన్నది. మళ్లీ పెద్దమ్మ జత. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి కానీ చేతులు మాత్రం పనిలో ఉన్నాయి.

"నా దాంట్లో ఇది మిషను కింద మునిగిపోయింది. నీ దాంట్లోనే స్పష్టంగా ఉంది," అంది. చీటీ లాక్కుని రెండు మాటలు రాసి బల్ల మీద పెట్టింది. "పెద్దమ్మది. కుర్చీ ఉండాలి." ఆ చీటీని పెద్దమ్మ చదివిందో లేదో కూడా చూడలేదు. "పెద్దమ్మా, ఆ గదిలోకి వచ్చింది ఎవరు?"

"ఎవరూ రాలేదు. ఒక్కతే ఉంది."

"ఒక్కతే లేదు. 'ఇదిగో, అయిపోయింది' అనే ముందు ఎవరో వచ్చారు. అమ్మ ఆ మాట వాళ్లతో అంది. నీకు చిన్న గంట వినబడటం లేదూ?"

"ఏ గంట?"

పిల్ల తలుపు వైపు తిరిగింది. "ఇదే," అంది, గుసగుసగా. "ఇప్పుడు వస్తున్నది."

తలుపు తెరుచుకుంది. చీటీల కోసం వచ్చిన చిన్నయ్యగారి వేలికి తాళాల గుత్తి ఊగుతోంది. తాళాల నడుమ శనగగింజంత ఇత్తడి గంట. పెద్దమ్మ దాన్ని చూసింది. ఊగుతోంది, మెరుస్తోంది. చప్పుడు లేదు.

"ఎవరూ తీసెయ్యలేదు పెద్దమ్మా," అంది పిల్ల. "ఎప్పుడూ ఉంది."

ఎన్నాళ్లుగానో ప్రతిరోజూ ఈ గది గుమ్మంలో మోగుతున్న దాన్ని, సొరుగులోని టేపులో మోగుతున్న దాన్ని, తాను ఒక్కసారీ వినలేదు.   పెద్దమ్మ యజమాని ముందు చెయ్యి చాపింది.

"ఆ గుత్తి ఇలా ఇవ్వండి."

"ఎందుకు పెద్దమ్మా? ముందు చీటీలు..."

"చీటీలు ఎక్కడికీ పోవు. గుత్తి ఇవ్వండి."

ఇరవై రెండేళ్లలో ఆమె ఆ గొంతుతో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన ఇచ్చేశారు. పెద్దమ్మ దాన్ని కుడి చెవి దగ్గర ఊపుకుంది. ఏమీ లేదు. ఎడమ చెవి దగ్గర ఊపుకుంది. ఏమీ లేదు. అప్పుడు బల్ల దగ్గరికి నడిచి అల్లుడుగారి రబ్బరు చెవి పక్కన పెట్టి ఊపింది.

"నాకు వినబడదు, ఒప్పుకున్నాను. నీ అల్లుడుగారిని అడుగు."

అల్లుడుగారి పక్కనున్న కంప్యూటరు తెర మీద సన్నని గీత ఒకటి నిటారుగా లేచింది. పిల్ల వెంటనే పెద్దమ్మ జతను అల్లుడుగారికి తొడిగింది, టేపు వెనక్కి తిప్పి వదిలింది. మిషను శబ్దం తెరంతా గడ్డిలా పరుచుకుంది. ఆ గడ్డిలోంచి, సరిగ్గా అదే చోట, రెండో గీత లేచింది. ఒకదాని మీద ఒకటి పెడితే రెండూ ఒకటే.

"పెద్దయ్యగారు ఊళ్లో లేనన్నారు," అంది పెద్దమ్మ. మాటలు ఒక్కొక్కటీ తూచి పెట్టినట్టు వచ్చాయి. "నా చెల్లెలు వెళ్లిపోయిన రోజు తాను ఇక్కడ లేనని నాకు ముఖం మీద చెప్పారు. ఆయన గంట ఈ టేపులో ఎలా ఉంది చిన్నయ్యగారూ?"

చిన్నయ్యగారు తెర వైపు చూడటం లేదు. బల్ల మీద ఉన్న క్యాసెట్ అట్టనీ, దాని మీది తేదీనీ చూస్తున్నారు. చూస్తూ చూస్తూ మెల్లిగా కుర్చీ వెనక్కి లాక్కుని, ఇంతవరకూ పెద్దమ్మ తప్ప ఎవరూ కూర్చోని ఆ కిటికీ పక్క కుర్చీలోనే, కూలబడ్డారు.

"నాన్నగారు అబద్ధం చెప్పలేదు పెద్దమ్మా," అన్నారు. "ఆయన నిజంగానే ఊళ్లో లేరు. ఆ రోజు గుత్తి నా దగ్గర ఉంది."